ప్రోగ్రెసివ్ ప్రెస్ జోలికి ఇప్పుడే పోకండి

కొత్తగా టెక్సాస్ వచ్చానని, 9 ఎంఎం పిస్తోలు తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకోవడానికి, అంటే కాల్చిన ఖాళీ కేసులను (తూటా గొట్టాలను) మళ్ళీ నింపుకోవడానికి, ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్క లాగుడుకు అన్ని పనులూ చేసే మిషన్) కొనాలా, సింగిల్ స్టేజ్ (ఒక్క లాగుడుకు ఒకే పని చేసేది) కొనాలా అని అడిగారు. సింగిల్ స్టేజే. మా బావ ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే మానె.

మాది అచ్చంపేట దగ్గర పల్లెటూరు. డల్లాస్‌లో ఆరేళ్ళున్నాను. బావ గ్యారేజీలో ప్లేటు చేత్తో తిప్పే రకం ప్రోగ్రెసివ్ ఉండేది. నాలుగు స్టేషన్లు: ఖాళీ కేసును సైజు చేసి అడుగున ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న టోపీ) పెట్టేది ఒకటి, తుపాకి మందు పోసేది ఒకటి, పైన బుల్లెట్ (బయటికి దూసుకుపోయే గుండు) కూర్చోబెట్టేది ఒకటి, అంచు నొక్కేది ఒకటి. నాలుగూ నిండాయంటే హ్యాండిల్ లాగినప్పుడల్లా ఒక తూటా టక్కున డబ్బాలో పడుతుంది. గంటకు నాలుగు వందలు. ఆ చప్పుడు వింటూ లాగుతుంటే చెయ్యి ఆగదు, అసలు గొడవంతా అక్కడే.

ఒక శనివారం పొద్దున నేను లాగుతుంటే ఊరి నుంచి నాన్న ఫోన్. ముందు రోజు రాత్రి అడవి పందులు పడి ఎకరం పల్లి చేను తవ్విపోశాయట. "రాత్రంతా మంచె మీదనే ఉన్న బిడ్డా, తెల్లారంగ ఇట్ల కన్నంటుకుంది" అని ఒకటే బాధ. ఫోన్ చెవి దగ్గర నొక్కిపట్టుకుని ప్లేటు తిప్పాను. తిప్పానో లేదో గుర్తులేక మళ్ళీ తిప్పాను. ప్రైమర్ పెట్టిన కేసు ఒకటి మందు స్టేషన్ దాటేసి బుల్లెట్ కిందికి పోయింది. నాకు తెలియనే తెలియదు.

మధ్యాహ్నం రేంజ్‌లో ఓ పది తూటాలు కాల్చానో లేదో, ఢాం అనాల్సింది 'టప్' అంది. చేతికి దెబ్బ తగల్లేదు, పేలినప్పుడల్లా వెనక్కి జరిగే పిస్తోలు పైభాగం, అదే స్లైడ్, కదల్లేదు. జామ్ అయిందనుకుని చేత్తో స్లైడ్ లాగి మళ్ళీ పేల్చబోయాను. బావ రేంజంతా వినపడేలా "ఆపు!" అని అరిచాడు. విప్పి చూస్తే బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉంది. మందు లేకపోయినా ప్రైమర్ ఒక్కటే దాన్ని అంత దూరం తోస్తుంది. దాని వెనక ఇంకోటి పేల్చి ఉంటే బ్యారెల్ పగిలేది, నా వేళ్ళ సంగతి చెప్పలేను.

మిగతావి తూచి చూద్దామంటే కుదరదు. ఒక్కో దాంట్లో మందు నాలుగైదు గ్రెయిన్లే, అంటే గ్రాములో మూడో వంతు కూడా లేదు. కేసుకూ కేసుకూ మధ్య తేడానే అంత ఉంటుంది. బుల్లెట్ ఊడదీసే సుత్తిలాంటి పుల్లర్‌తో కొట్టి కొట్టి రెండు శనివారాలు అన్నీ విప్పాం. ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు!

సింగిల్ స్టేజ్‌లో యాభై కేసులకూ ఒకే పని చేసి, ఆ తర్వాతే రెండో పని మొదలుపెడతాం. మందు పోశాక యాభైనీ చెక్కలో వరుసగా నిలబెట్టి టార్చి వేస్తే ఖాళీదీ, రెండుసార్లు పడిందీ కంటికే కనిపిస్తాయి. ఫోన్ వస్తే లేచి మాట్లాడి రావచ్చు. మా తాత దగ్గర లైసెన్సు ఉన్న భర్మార్ తుపాకి ఉండేది. ఆయన గొట్టంలో మందు పోస్తుంటే మా నానమ్మ పిలిచినా పలికేవాడు కాదు.

గంటకు యాభై అరవై ఏం సరిపోతాయంటారేమో. నెలకు వేలల్లో కాల్చే పోటీ షూటర్లయితే వేరు, మీరింకా మొదలే పెట్టలేదు కదా. మందు పడకపోతే కూతపెట్టే అలారం ఉందిగా అని బావ వాదన. అలారం బ్యాటరీ అయిపోయిందని చెప్పడానికి ఇంకో అలారం కొంటాడు. 2020లో ప్రైమర్లకు కరువొచ్చినప్పుడు ఆ గంటకు నాలుగు వందల మిషన్ మీద తడి బట్టలు ఆరేశాడు ఈయన.

ఇప్పుడు ఊరికి వచ్చేశాను. పందులకు ఇక్కడే చేద్దామా అన్నా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే జైలేరా అని పంపిస్తాను. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, నాలుగు రోజులకే పందులకు అవి అలవాటైపోయాయి. ఆ రోజు ఫోన్ సంగతి నాన్నకు ఇప్పటిదాకా చెప్పలేదు.