'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' అసలు యెస్ పాటేనా?

మీరు అడిగింది ఇది: పందొమ్మిది నిమిషాల 'క్లోజ్ టు ది ఎడ్జ్' లాంటి పాట కట్టిన బ్రిటన్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, చిక్కైన అల్లికల రాక్) బ్యాండు యెస్, నాలుగున్నర నిమిషాల ఈ పాప్ పాటతో అమెరికాలో నంబర్ వన్ కావడం దిగజారడం కాదా? దాన్ని యెస్ పాట అనొచ్చా?

నా జవాబు: ముమ్మాటికీ యెస్ పాటే, దిగజారడం కానే కాదు. నేను బేస్ గిటార్ వాయిస్తాను, కొందరు పిల్లలకు నేర్పుతాను. యెస్ బేసిస్టు క్రిస్ స్క్వైర్ బేస్ వింటూనే నా చెయ్యి తిరిగింది. కాబట్టి ఈ పాటను విని వదిలేయకుండా, వాయించి చూసినవాడిగా చెబుతున్నాను.

మీ అనుమానానికి కారణం లేకపోలేదు. 1981 నాటికి యెస్ విడిపోయింది. గిటారిస్టు స్టీవ్ హౌ, కీబోర్డులు వాయించే జెఫ్ డౌన్స్ 'ఏసియా' బ్యాండులో చేరారు. మిగిలిన స్క్వైర్, డ్రమ్మర్ అలన్ వైట్ కలిసి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ట్రెవర్ రాబిన్‌తో 'సినిమా' అనే పేరుతో కొత్త బ్యాండు మొదలుపెట్టారు. యెస్ తొలి కీబోర్డిస్టు టోనీ కే కూడా వచ్చాడు. ఈ పాట మొదటి రూపం రాబిన్ సొంతంగా చేసుకున్న డెమో, అంటే నమూనా రికార్డింగు. యెస్ పాత గాయకుడు జాన్ ఆండర్సన్ చేరేసరికి ఆల్బమ్‌లో చాలా భాగం తయారైపోయింది. ఆయన గొంతు కలిశాకే దానికి యెస్ అన్న పేరు తిరిగొచ్చింది. ఆల్బమ్ పేరు '90125' అంటే రికార్డు కంపెనీ దానికిచ్చిన కేటలాగ్ నంబరే.

పాటను పట్టుబట్టి చేయించింది నిర్మాత ట్రెవర్ హార్న్. 1980లో 'డ్రామా' ఆల్బమ్‌కి ఆండర్సన్ స్థానంలో పాడింది ఆయనే, అంటే బయటి మనిషేమీ కాదు. రాబిన్ డెమోలోని కోరస్ ఆయనకు నచ్చింది, చరణాలు నచ్చలేదు. వాటిని మార్చారు. అందుకే రచయితలుగా రాబిన్, ఆండర్సన్, స్క్వైర్, హార్న్ నలుగురి పేర్లూ ఉంటాయి.

ఇక అసలు విషయం, సౌండు. ఇందులోని ఒక డ్రమ్స్ తునక ఫంక్ ఇంక్ అనే అమెరికన్ బృందం రికార్డు నుంచి సాంపిల్ చేసినది, అంటే ముక్క కోసి తెచ్చుకున్నది. 1983లో ఒక రాక్ బ్యాండు ఇలా చేయడం ఎంత కొత్తో ఆలోచించండి. పాట మొదట్లోనే కర్కశంగా భారీ గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస) వస్తుంది, అంతలోనే అంతా సద్దుమణిగి అదే రిఫ్ సన్నగా, శుభ్రంగా వినిపిస్తుంది. మధ్యలో ఎక్కడో బాంబు పేలినట్టు ఆర్కెస్ట్రా ముక్కలు. గిటార్ సోలోలో ప్రతి స్వరానికీ పైన పంచమం జతకట్టి మోగుతుంది. మా బ్యాండులో ఈ పాట ఎత్తుకున్నప్పుడు రిఫ్ ఒక్క పూటలో వచ్చేసింది. ఆ పేలుళ్లు, ఆ ఖాళీలు సరిగ్గా వాటి చోట పడటానికి మా కీబోర్డు ప్లేయరు పడ్డ అవస్థ చూస్తే తెలుస్తుంది ఇది తేలిక పాట కాదని. పాత యెస్ తన కష్టాన్ని పాట పొడవులో చూపించింది. ఇక్కడ అదే కష్టం క్షణక్షణంలో కుదించి ఉంది. తేడా అంతే.

బేస్ సంగతి వేరే చెప్పాలి. యెస్ పాత పాట 'రౌండబౌట్'లో స్క్వైర్ పరుగులు తీస్తాడు. ఇక్కడ చాలాచోట్ల రిఫ్‌నే పట్టుకుని నిలబడతాడు. అంత సత్తా ఉన్నవాడు ఎక్కడ ఆగాలో తెలుసుకుని ఆగడం నాకు ఈ పాటే నేర్పింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ముందు ఇదే ఇస్తాను.

1984 జనవరిలో ఇది రెండు వారాలు అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో ఉంది. ఆ జాబితాలో యెస్‌కు ఏకైక నంబర్ వన్ అదే. సొంత దేశం బ్రిటన్‌లో మాత్రం 28 దగ్గరే ఆగింది. ఆ విజయానికి మూల్యం లేకపోలేదు. తర్వాతి ఆల్బమ్ 'బిగ్ జెనరేటర్' రావడానికి 1987 దాకా పట్టింది, దాన్లోంచి ఇంత పెద్ద హిట్ రాలేదు. అభిమానులు కూడా హౌ పక్షం, రాబిన్ పక్షం అని చీలిపోయారు. ఆ వాదన నేటికీ ఆగలేదు. నాకు ఇద్దరూ కావాలి.

వారసత్వం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ రికార్డింగుల్లో పక్కన పడేసిన అలన్ వైట్ డ్రమ్స్ ముక్క. హార్న్ బృందంలోని వాళ్లు దాన్ని సాంపిల్స్ వాయించే ఫెయిర్‌లైట్ యంత్రంలో ఎక్కించి ఆడుకుంటూ ఉంటే 'ఆర్ట్ ఆఫ్ నాయిజ్' అనే బృందం పుట్టింది. ఆ దారి ఎలక్ట్రానిక్ సంగీతంలోకి ఎంత దూరం వెళ్లిందో! 2005లో డీజే మాక్స్ గ్రాహమ్ రీమిక్స్‌తో అసలు పాట కూడా మళ్లీ బ్రిటన్ టాప్ 10లోకి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఇప్పటి పిల్లలకు యెస్ అంటే ఈ హిట్ కాదు. 2012లో 'జోజో' అనే జపాన్ యానిమేషన్ సీరియల్ (అనిమే) చివర వాడుకోవడంతో 'రౌండబౌట్' వాళ్ల నోళ్లలో నానుతోంది. నా విద్యార్థుల్లో ఎక్కువమంది అలా వచ్చినవాళ్లే. వాళ్లకు ఏది ప్రోగ్రెసివ్, ఏది పాప్ అనే పట్టింపే లేదు.

2017లో యెస్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన వేడుక వీడియో చూడండి. స్క్వైర్ అప్పటికి రెండేళ్ల క్రితమే పోయాడు. 'రౌండబౌట్'కి రష్ బ్యాండు గెడ్డీ లీ బేస్ వాయించాడు. ఈ పాట వంతు వచ్చేసరికి, దీని రికార్డింగులో లేని స్టీవ్ హౌ స్వయంగా బేస్ అందుకున్నాడు. గిటార్ రాబిన్‌ది.

ఇంకా అనుమానం ఉంటే హిట్ పక్కన పెట్టి అదే ఆల్బమ్‌లో 'చేంజెస్' మొదటి నిమిషం వినండి. బేసి లెక్కలో నడిచే ఆ ఎత్తుగడకు తాళం వేసి చూడండి. తర్వాత గొంతులే ప్రధానంగా కట్టిన 'లీవ్ ఇట్' వినండి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.