కాంటెస్సా లోయర్ బాల్ జాయింట్ ఊడి రావట్లేదా? ముందు ఆ నట్టు మళ్లీ పెట్టండి

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఐదేళ్లుగా కదలని పాత కాంటెస్సా కారు, ముందు చక్రాల లోయర్ బాల్ జాయింట్లు, అంటే కింది కీళ్లు, మార్చాలి. నట్టు తీసేశారు, రెండు రోజులుగా ఆయిల్ కొడుతూ సుత్తితో బాదుతున్నారు, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్ ముక్క జాయింట్‌ని వదలడం లేదు. మెకానిక్ గ్యాస్‌తో కోసేద్దాం అంటున్నాడు, కోయించాలా?

కోయించొద్దు. ఇంకా ముందు పని ఒకటుంది. వెళ్లి ఆ నట్టు మళ్లీ ఎక్కించండి. బిగించక్కర్లేదు, నాలుగైదు చుట్లు పడితే చాలు. చక్రాన్ని బండికి కలిపే కింది కడ్డీ ఉంది చూడండి, లోయర్ ఆర్మ్, దాని మీద కాయిల్ స్ప్రింగు నొక్కుకుని కూర్చుని ఉంది. మీరు బాదుతుండగా జాయింట్ ఊడిందంటే ఆర్మ్ విసురుగా కిందకి వస్తుంది, అక్కడ మీ చెయ్యి ఉందో కాలు ఉందో దానికి తెలీదు. నట్టు ఉంటే ఆ కాస్త సందు మేరకే కదిలి ఆగిపోతుంది. ఇటుకల మీద బండి నిలబెట్టి ఉంటే ఆ ఇటుకలు కూడా ఇప్పుడే తీసి, ఛాసిస్ కింద సరైన స్టాండ్లు పెట్టండి.

ఇవన్నీ నాకు పుస్తకం చదివి తెలిసినవి కావు. నాదీ కాంటెస్సానే, పెదవాల్తేరులో ఉంటుంది. 2014లో హుద్‌హుద్ గాలికి షెడ్డు రేకులు లేచిపోయాక రెండేళ్లు ఆరుబయటే ఉండిపోయింది. సముద్రం గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, బాల్కనీ గ్రిల్లుకి ఏడాదికోసారి రంగు వేసే ఊరు మనది. కుడివైపు జాయింట్ తియ్యడానికి నేనూ మీలాగే నట్టు తీసేసి స్టడ్ (నట్టు ఎక్కే మరల కాడ) కొస మీద కొట్టాను. రాలేదు. బండిని ఒక షెడ్డుకి తోలించాను. ఏ షెడ్డో ఇక్కడ వద్దులెండి. అక్కడి కుర్రాడు సమ్మెటతో అదే పని ఇంకా గట్టిగా చేశాడు. స్టడ్ కొస పుట్టగొడుగులా విచ్చుకుంది, మరలు పోయాయి, ఇక నట్టు కూడా ఎక్కదు. తర్వాత గ్యాస్ పెట్టారు. జాయింట్ వచ్చింది కానీ స్టబ్ యాక్సిల్ చెవి, అంటే స్టడ్ దూరే తొర్ర ఉన్న భాగం, ఎర్రగా కాలి, కోతలో ఒక పక్క గాటు పడింది. అలాంటి స్టబ్ యాక్సిల్ మీద చక్రం తిప్పే ధైర్యం నాకు లేదు. 2002లో తయారీ ఆగిపోయిన బండికి ఇంకో స్టబ్ యాక్సిల్ దొరకడానికి నాకు ఏడు నెలలు పట్టింది. జాయింట్ ధరెంత, ఆ పాత ముక్క ధరెంత అని లెక్కేసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఎడమవైపు చూసింది మా మావయ్య. షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు, కార్ల గురించి పెద్దగా తెలీదు. బండి కిందకి వంగి చూసి, "ఇది టేపరు కదరా, దీన్ని కొడతావేటి? దీని ఇంటిని కొట్టు" అన్నాడు. టేపరంటే కొసకి సన్నబడే ఆకారం. డ్రిల్లింగ్ మెషిన్‌లో అలాంటి తోక ఉన్న (టేపర్ షాంక్) డ్రిల్లుకి బోల్టు ఉండదు, పట్టుకున్నదల్లా ఆ ఏటవాలే అని చెప్పాడు. నాకు ఇంకా తేలిగ్గా అర్థమైంది మాత్రం వంటింటి లెక్క. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులు లాగితే రావు, లోపలి గ్లాసుని బాదితే ఇంకా దిగుతుంది. బయటి గ్లాసుని చుట్టూ తడితే వదులుతుంది. బాల్ జాయింట్ స్టడ్ కూడా అంతే. నట్టు దాన్ని ఆ కోను ఆకారపు తొర్రలోకి లాగి కూర్చోబెడుతుంది, తర్వాత నట్టు తీసినా పట్టు పోదు.

అందుకని కొట్టాల్సింది స్టబ్ యాక్సిల్ చెవిని, పక్క నుంచి. స్టడ్ దూరిన తొర్ర చుట్టూ దళసరిగా ఉండే ఇనుము ఉంది చూడండి, దానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి గట్టిగా పట్టుకోవాలి, సరిగ్గా ఎదురు పక్క ఇంకో సుత్తితో కొట్టాలి. మావయ్య ఆనించింది రెండు కిలోలది, కొట్టింది ఒక కిలోది. దెబ్బ తగిలిన క్షణంలో ఆ గుండ్రటి తొర్ర వెంట్రుకవాసి కోలగా మారుతుంది, టేపరు పట్టు తప్పుతుంది. బలం కన్నా చురుకు ముఖ్యం. మెల్లగా బరువుగా కొట్టిన పది దెబ్బలకన్నా టంగుమని మోగే ఒక్క దెబ్బ నయం. మోగకుండా 'దబ్' మంటే ఆనించిన సుత్తి జారిందని అర్థం, లేదా మీరు రబ్బరు మీద కొడుతున్నారు.

కొట్టేటప్పుడు జాయింట్ మీద లాగుడు ఉంటే పని సగం అయిపోయినట్టే. నట్టు పైవైపు ఉండే అమరిక అయితే స్ప్రింగే ఆ లాగుడు ఇస్తుంది, ఎందుకంటే అది ఆర్మ్‌ని కిందకి నెడుతూ స్టడ్‌ని తొర్రలోంచి బయటికి గుంజుతుంది. అప్పుడు జాకీని లోయర్ ఆర్మ్‌కి వేలెడు కిందగా ఉంచండి, ఆనించొద్దు. ఆనిస్తే ఆ సాయం పోతుంది. నట్టు కిందవైపు ఉంటే స్ప్రింగు మీకు ఎదురు తిరుగుతుంది, అక్కడ పుల్లర్ తప్పదు.

పుల్లర్ అంటే రెండు దవడలుండి బోల్టు బిగిస్తే తెరుచుకునే రకం. ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది. చవకవి కొంటే బోల్టు మరలు అరిగిపోతాయి, కొన్న రోజే దానికి గ్రీజు పట్టించండి. బలమంతా దానితోనే లాగాలని చూడొద్దు. బాగా టైట్ చేసి, అప్పుడు చెవి మీద రెండు సుత్తుల దెబ్బ వెయ్యండి. ఊడినప్పుడు ఎగిరిపడకుండా పుల్లర్‌ని తీగతో ఆర్మ్‌కి కట్టండి. మేము టైట్ చేసి టీకి వెళ్లాం. మేం లేనప్పుడే ఠాప్‌మని వదిలింది. ఎదురింటావిడ టైరు పేలిందనుకుని బయటికొచ్చింది.

రెండు కొమ్ముల ఫోర్కు కూడా ఉంటుంది, సందులో పెట్టి బాదేది. జాయింట్ ఎలాగూ పారేస్తున్నారు కాబట్టి వాడొచ్చు, రబ్బరు బూటు చిరిగినా నష్టం లేదు. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) దగ్గర మాత్రం దాన్ని పెట్టకండి, అది మళ్లీ వాడుకునేదైతే.

ఆయిల్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అంత బిగువుగా అతుక్కున్న చోటికి అది దిగేది తక్కువ, నట్టు మరలకి మాత్రం బాగా పనికొస్తుంది. వేడి చివరి మాట. చిన్న టార్చితో చెవిని మాత్రమే, చెయ్యి పెట్టలేనంత వరకు చాలు, ఎరుపు రంగు రానివ్వొద్దు. లోపలి గ్రీజు, రబ్బరు పొగలేస్తాయి, బ్రేకు గొట్టం దగ్గర్లోనే ఉంటుంది, జాగ్రత్త.

ఊడాక తొందరపడి నట్టు తియ్యకండి. జాకీని లోయర్ ఆర్మ్ కింద పెట్టి స్ప్రింగు బరువు దానిమీదకి ఎక్కించాకే నట్టు తీసి, జాకీని నెమ్మదిగా దించండి. స్టబ్ యాక్సిల్‌ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వక తాడుతో కట్టండి.

కొత్తది పెట్టేటప్పుడు తొర్రని శుభ్రంగా తుడిచి పొడిగా ఉంచండి, టేపరుకి గ్రీజు పూయొద్దు. నట్టు బిగిస్తుంటే స్టడ్ కూడా తిరిగిపోతుంటే జాయింట్‌ని జాకీతో టేపరు కూర్చునే వైపు కాస్త నొక్కి పట్టండి, ఆగుతుంది. నట్టు వదులవకుండా దూర్చే స్ప్లిట్ పిన్ కన్నం కలవకపోతే నట్టుని ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి కలపాలి. వెనక్కి వదులు చేసి కలపడం మాత్రం ఎప్పుడూ వద్దు. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించుకోండి.

మీ స్టడ్ కొస ఇప్పటికే విచ్చుకుని నట్టు ఎక్కకపోతే, ఆ విచ్చుకున్న అంచుని ఆకురాయితో రాచి చూడండి. అయినా ఎక్కకపోతే కొట్టడం ఆపేసి, ముందు జాకీతో ఆర్మ్‌ని ఆపి, పుల్లర్‌తోనే ప్రయత్నించండి. ఎంవీపీ మాకు దగ్గరే కదా, నా పుల్లర్ తీసుకెళ్లొచ్చు. తిరిగిచ్చేటప్పుడు బోల్టుకి గ్రీజు పెట్టి ఇవ్వండి.