సందేహాలు – సమాధానాలు: ఇద్దరూ ‘అతను’లే అయినప్పుడు

ప్రశ్న: ఇద్దరు మగ స్నేహితులు క్రమంగా ప్రేమికులయ్యే ఒక ఇంగ్లీషు శ్రవణ నవలను తెలుగు చేసి, నా గొంతుతో చదివి రికార్డు చేస్తున్నాను. ఇద్దరూ మగవారే కావడంతో ‘అతను’ అన్నప్పుడల్లా ఎవరో తెలియడం లేదు. ప్రేమ మొదలయ్యాక ‘ఒరేయ్’ అనే పిలుపు మాన్పించాలా? ‘స్వలింగ సంపర్కుడు’ అనే మాట వాడవచ్చునా?

సమాధానం: మొదటి చిక్కుకు తెలుగులోనే మంచి సాధనం ఉంది. అది ‘తాను’. ‘అతను వెళ్లిపోతున్నట్టు శ్రీను రఘుకు చెప్పాడు’ అంటే వెళ్లేది రఘువో, మరొకరో అనిపిస్తుంది. ‘తాను వెళ్లిపోతున్నట్టు శ్రీను రఘుకు చెప్పాడు’ అంటే మాత్రం వెళ్లేది శ్రీనే. ‘రఘు తన గొడుగు శ్రీనుకు ఇచ్చాడు’ అన్నప్పుడు గొడుగు ఎవరిదన్న అనుమానం రాదు. ఇంగ్లీషులో ఒకే సర్వనామం చేసే పనిని మనం ‘అతను’, ‘తాను’ అని రెండుగా పంచుకున్నాము కనుక, మూలంలో లేని స్పష్టత కూడా మీ అనువాదంలోకి రాగలదు. వినేవారికి పేజీ వెనక్కి తిప్పే వీలు సులభంగా ఉండదు కాబట్టి, ఇంకా అనుమానం మిగిలే చోట పేరే మళ్లీ చెప్పండి.

ఇద్దరిలో ఒకరే ‘నేను’ అంటూ చెప్పే కథ అయితే, ‘తను’ మరొక విధంగానూ ఉపకరిస్తుంది. నేటి వాడుకలో భార్యాభర్తలు, ప్రేమికులు ఒకరి గురించి మరొకరు ఇతరులతో చెప్పేటప్పుడు ‘తను ఇంకా రాలేదు’ అంటారు. ఆ మాటలో ‘వాడు’లోని చనువు గాని, ‘ఆయన’లోని దూరం గాని లేవు. సగం నవల దాకా ‘వాడు’ అంటూ వచ్చిన కథకుడు ఒక రాత్రి తన మనసులో ‘తను’ అనుకుంటే, తెల్లవారి నలుగురి ముందు మళ్లీ ‘వాడు’ అంటే, ప్రేమ అనే మాట ఎత్తకుండానే శ్రోతకు అంతా అర్థమవుతుంది. ఇది సర్వనామాలలో ఇన్ని మెట్లున్న భాషకు దక్కిన భాగ్యమని నా నమ్మకం. అయితే ప్రథమ పురుషలో, అంటే ఇద్దరినీ ‘అతను’ అంటూ సాగే కథనంలో ‘తను’ను ఇలా వాడితే పైన చెప్పిన స్పష్టత చెడుతుంది. అక్కడ వద్దు.

‘ఒరేయ్’ను మాన్పించకండి. దాని బదులు పెట్టాలనిపించే ‘ఏమండీ’ అనే పిలుపు భర్తను పైమెట్టున ఉంచిన కుటుంబ మర్యాదలోనిది. ఈడూ జోడూ అయిన ఇద్దరు మిత్రుల మధ్య దానికి చోటు లేదు. మారవలసింది గొంతు. దీనినే మన లాక్షణికులు కాకువు అన్నారు. మాటలు అవే ఉండగా స్వరభేదం వల్ల వేరే అర్థం పలికించడమే అది. భరతుని నాట్యశాస్త్రం అర్థం ఇంకా మిగిలి ఉన్నట్టు పలికేది సాకాంక్షమని, పూర్తయినట్టు పలికేది నిరాకాంక్షమని కాకువును రెండు విధాలుగా చెప్పింది. మొదటి అధ్యాయంలో ‘వెళ్తున్నావా రా?’ అన్న ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. చివరి అధ్యాయాల్లో అదే ప్రశ్నను, చెప్పవలసినది ఇంకా మిగిలి ఉందన్నట్టు, ‘రా’ మీద కొంచెం ఆగి పలకండి.

ఇక ‘స్వలింగ సంపర్కుడు’. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు పత్రికల్లో విరివిగా కనిపించిన మాట ఇది. సంపర్కమంటే కలయిక, తాకిడి. కాబట్టి ఈ మాట మనిషిని గాక ఒక చర్యను చూపుతుంది. చేయి చేయి తగలడానికే ఎన్నో అధ్యాయాలు పట్టే కథకు అది తగదు, ఆ మనుషులకు న్యాయమూ చేయదు. కథనంలో ‘స్వలింగ ప్రేమికుడు’ అనండి. సంభాషణలో యువకులు తమను తాము చెప్పుకునే ‘గే’ అన్న మాటే ఉంచండి. ‘నేను బిజీ’ అన్నట్టు విశేషణంగా తీసుకుంటే ‘నేను గే’ అవుతుంది. ‘నేను డాక్టర్ని’ అన్నట్టు నామవాచకంగా తీసుకుంటే ‘నేను గేని’ అవుతుంది. రెండూ తప్పు కావు. తల్లి ముందు మొదటిసారి నోరు విప్పే సన్నివేశంలో నేనైతే రెండవదే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ ‘ని’ ప్రత్యయం ‘నేను’తో నేరుగా ముడిపడి ఉంటుంది.

స్నేహితుడు ప్రేమికుడైన ఆ ఒక్క వాక్యానికి మాత్రం ‘చెలికాడు’ను దాచి ఉంచండి. నిఘంటువు దానికి స్నేహితుడని అర్థం చెబుతుంది, మన పాటలు ప్రియుడని చెబుతాయి.