ఆపరేషన్ తర్వాత ఎస్‌సీసీ పెరిగితే క్యాన్సర్ మళ్లీ వచ్చినట్టేనా?

అన్నా, మీ బాపుకు బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు హైదరాబాద్‌లో 1.4 ఉన్న ఎస్‌సీసీ (కొన్ని క్యాన్సర్లలో పెరిగే, రక్తంలో కొలిచే మార్కర్), రెండు నెలలకు నల్లగొండలో 2.3 వచ్చిందని రాశారు. ఆ ఒక్క అంకెతో క్యాన్సర్ తిరగబెట్టిందని అనుకోవద్దు.

ల్యాబు మారింది, బహుశా మెషిన్ కూడా మారింది. అట్లాంటి రెండు రిపోర్టులను పోల్చకూడదు. చాలా కిట్లకు నార్మల్ హద్దు మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములు. ఆపరేషన్‌కు ముందు బాగా ఎక్కువుండి, గడ్డ తీసేశాక కొద్ది రోజుల్లో దిగినవాళ్లకే ఈ మార్కర్ కొంత పనికొస్తుంది. మీ బాపుది మొదటే హద్దులో ఉంది.

పైగా ఎస్‌సీసీ మామూలు చర్మంలో, ఉమ్మిలో కూడా ఉంటుంది. మూత తీసిన శాంపిల్ మీద తుంపర పడ్డా, చేతి చెమట అంటినా నంబర్ ఎగురుతుంది. సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నా అంతే. కిడ్నీ సరిగా పనిచేయకుంటే మరీ ఎక్కువ, కాబట్టి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ టెస్టు కూడా చేయించండి. సీఈఏ అనే ఇంకో క్యాన్సర్ మార్కర్ బీడీ తాగేవాళ్లకు పెరగడం మామూలే, ఆ టెస్టుకు డబ్బులు దండగ.

మూడు నాలుగు వారాలకు నల్లగొండలో అదే ల్యాబులో ఎస్‌సీసీ మళ్లీ చేయించండి. జుట్టుకు బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబుకు ముందే చెప్పండి.

సర్జన్ చెకప్ మాత్రం ఆపొద్దు. మొదటి ఏడాది 1 నుంచి 3 నెలలకోసారి నోరు, మెడ చేత్తో తడిమి చూడాల్సిందే. రెండు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, చెవిపోటు, నోరు తెరుచుకోకపోవడం ఉంటే, ఎస్‌సీసీ నార్మల్ వచ్చినా వెంటనే తీసుకుపోండి. మెడకు కరెంటు (రేడియేషన్) పెట్టి ఉంటే 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్టు కూడా చేయించాలి.