ఈమాక్స్ మెమరీ ఎక్కువ తింటోంది, జీసీ లిమిట్ ఎంత పెట్టాలి?

రోజంతా తెరిచి ఉంచితే ఈమాక్స్ ఎడిటర్ వాడే మెమరీ 900 ఎంబీ దాటుతోంది, మధ్యమధ్యలో ఆగిపోతోంది, జీసీ-కాన్స్-థ్రెషోల్డ్ ఎంత పెడితే సరిపోతుంది అని అడిగారు. జీసీ అంటే గార్బేజ్ కలెక్షన్, పనికిరాని మెమరీని ఏరి ఖాళీ చేసే పని; ఎన్ని కొత్త బైట్లు వాడాక అది నడవాలో చెప్పేదే ఆ లిమిట్. ముందు ఆ 900 సంగతి పక్కన పెట్టండి. ప్రోగ్రాములు వాడే మెమరీ చూపించే టాప్ కమాండ్‌లో కనిపించే ఒక్క అంకె చూసి ఎడిటర్‌కి సర్టిఫికెట్ ఇచ్చే అలవాటు మనవాళ్లలో బాగా ముదిరింది. ఒకప్పుడు ఈమాక్స్ పేరునే "ఎయిట్ మెగాబైట్స్ అండ్ కాన్‌స్టంట్లీ స్వాపింగ్" (8 ఎంబీ తింటూ, ర్యామ్ చాలక ఎప్పుడూ డిస్క్‌లోకి మెమరీ మారుస్తూనే ఉంటుంది) అని విడగొట్టి వెక్కిరించేవాళ్లు, 8 ఎంబీ అంటే ఇవాళ ఒక ఫొటో సైజు, అయినా ఆ చెడ్డపేరు మాత్రం పోలేదు. మీరు చూడాల్సింది టైపు చేస్తుంటే జీసీ ఎన్నిసార్లు నడుస్తోంది, ఒక్కోసారి ఎంతసేపు పడుతోంది అన్నది. ఆ రెండు లెక్కలూ ఈమాక్స్ తనే రాసి పెట్టుకుంటుంది. జీసీస్-డన్ అనే వేరియబుల్‌లో ఎన్నిసార్లో ఉంటుంది, జీసీ-ఎలాప్స్‌డ్‌లో మొత్తం ఎన్ని సెకన్లో ఉంటుంది. అడిగి చూసేవాళ్లే తక్కువ.

గుంటూరు బ్రాడీపేటలో మాకు బాగా కావాల్సిన మాస్టారు ఒకరున్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పల్నాడు, తెనాలి, బాపట్ల వైపు మాటలన్నీ పోగేసి ఒకే పెద్ద ఆర్గ్ ఫైల్లో (ఈమాక్స్‌లో నోట్సు రాసుకునే పద్ధతి) రాస్తున్నారు: మాట ఏమిటి, ఏ ఊళ్లో విన్నారు, ఎవరి నోట, ఏ సందర్భంలో అని. చాలా విలువైన పని అది. కిందటి ఎండాకాలం ఫోన్ చేసి, "ఏమయ్యా, రెండక్షరాలు కొడితే ఆగుతోంది, మళ్లీ రెండు కొడితే మళ్లీ ఆగుతోంది, ఇంక దీని పని అయిపోయినట్టేనా?" అన్నారు. అప్పటికే అరండల్‌పేటలో ఒక షాపులో చూపించారట, తెలుగు ఫాంట్లు బరువు మాస్టారూ, 4 జీబీ ర్యామ్ తెలుగుకి చాలదు, కొత్త ల్యాప్‌టాప్ తీసుకోండి అని చెప్పారట.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికైనా గుణింతానికైనా 3 బైట్లు పడతాయి, నిజమే. 'స్త్రీ' అని రాస్తే లోపల ఆరు కోడ్‌లు, 18 బైట్లు. అయితే ఏంటి? లక్ష కోడ్‌లు రాసినా 3 లక్షల బైట్లు, అర ఎంబీ కూడా కాదు. పుస్తకానికి పుస్తకమే మామూలుగా కొద్ది ఎంబీల్లో సరిపోతుంది. కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలు, తప్పు తెలుగు మీదికి తోసేయడం తేలికైపోయింది. విజయవాడలో ప్రెస్సుల చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు, ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైళ్లు చేతికిస్తారు, అందులో ఒక మాట వెతకాలంటే దొరకదు. అసలు బాధ అది, బరువు కాదు.

సరే, మాస్టారి ఇంటికి వెళ్లాను. మొదట గార్బేజ్-కలెక్షన్-మెసేజెస్ అనే సెట్టింగ్ ఆన్ చేశాను, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఇక ఆగినప్పుడల్లా కింద లైనులో "గార్బేజ్ కలెక్టింగ్" అని పడటం మొదలైంది, అంటే దొంగ ఎవరో తెలిసిపోయింది. తర్వాత జీసీ-ఎలాప్స్‌డ్ విలువ రాసుకుని, ఆయన చేత ఒక పేరా టైపు చేయించి, మళ్లీ చూశాను. ఆ పేరాకి పట్టిన టైములో సగానికి పైగా జీసీకే పోయింది. అప్పుడు ఆల్ట్-ఎక్స్ కొట్టి మెమరీ-రిపోర్ట్ నడిపాను, ఈమాక్స్ 28 నుంచి అది ఎడిటర్‌తో పాటే వస్తోంది. పెద్ద బఫర్లు (తెరిచిన ఫైళ్ల టెక్స్ట్ ఉండే చోట్లు) ఏవో, పెద్ద వేరియబుల్స్ ఏవో సైజుతో సహా చూపిస్తుంది. మాస్టారి ఫైలు బఫర్ల పట్టికలో ఎక్కడో కొద్ది ఎంబీలతో ఉంది. వేరియబుల్స్ పట్టికలో అన్నిటికన్నా పైన కూర్చున్నది మాత్రం పదాలు సూచించే ఒక ప్యాకేజీ తాలూకు టేబుల్. ఆయన తెరిచిన ప్రతి ఫైల్లోని ప్రతి మాటనీ దాచుకుంటూ వచ్చింది, హద్దు లేదు. పైగా అక్షరం కొట్టినప్పుడల్లా ఆ టేబుల్ మొత్తం వడపోసి కొత్త లిస్టు తయారుచేసి మరుక్షణం పారేస్తోంది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఫైలు పెద్దదైతే జీసీ నెమ్మదిస్తుందనుకుంటారు. ఈమాక్స్ బఫర్లోని అక్షరాలను జీసీ చదవదు, అది మొత్తం ఒకే ముద్దగా ఉంటుంది. జీసీ తిరిగేది లిస్టులు, స్ట్రింగులు, హాష్ టేబుళ్లు, టెక్స్ట్ ప్రాపర్టీలు, ఓవర్‌లేలు లాంటి చిన్న చిన్న వస్తువుల వెంట. 64 బిట్ మెషీన్‌లో లిస్టులోని ఒక్కో కణం 16 బైట్లే, కానీ బతికున్న, అంటే ఇంకా వాడుకలో ఉన్న, ప్రతి కణం దగ్గరికీ వెళ్లి గుర్తు పెట్టి రావాలి. మిర్చి యార్డులో టిక్కీలు లెక్కపెట్టడం వేరు, ప్రతి టిక్కీ విప్పి కాయలు లెక్కపెట్టడం వేరు. అందుకే 40 ఎంబీ లాగ్ ఫైలు తెరిచినా జీసీకి చీమ కుట్టినట్టు ఉండదు, చిన్న కణాలతో నిండిన 40 ఎంబీ టేబుల్ మాత్రం ప్రాణం తీస్తుంది. అండూ మీద నింద వేసేవాళ్లూ ఉన్నారు. దానికి హద్దులు ముందే ఉన్నాయి, అండూ-లిమిట్ 160000 బైట్లు, అండూ-స్ట్రాంగ్-లిమిట్ 240000.

ఆ ఫైల్లో ప్యాకేజీ ఆపేసి, ఎడిటర్ మూయకుండానే ఆ టేబుల్ ఖాళీ చేశాను. టైపింగ్ సాఫీగా సాగింది. మాస్టారు మాత్రం టాప్ చూపించి, "ఇదేంటయ్యా, మెమరీ అంకె దాదాపు అలాగే ఉందిగా" అన్నారు. ఉంటుంది. ఈమాక్స్ వదిలేసిన మెమరీ అంతా వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరదు. ముక్కలు ముక్కలుగా ఖాళీ అయిన చోటు ఆ ప్రోగ్రామ్ చేతిలోనే ఉండిపోతుంది, తర్వాత అదే వాడుకుంటుంది. బయటి అంకె కదల్లేదు, ఆయన బాధ మాత్రం తీరిపోయింది. మీ 900 ఎంబీ పట్టించుకోవద్దన్నది అందుకే.

ఇక మీరు అడిగిన లిమిట్. ముందుగా వచ్చే విలువ 800000 బైట్లు, ఇప్పటి మెషీన్లకి అది చాలా తక్కువ. కానీ పక్కనే జీసీ-కాన్స్-పర్సంటేజ్ అని ఇంకోటి ఉంది, దాని విలువ 0.1, అంటే బతికున్న వస్తువుల సైజులో పదో వంతు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అదే లెక్క. అంటే బతికున్న వస్తువులే 300 ఎంబీ ఉంటే, మీరు 20 ఎంబీ అని రాసినా తేడా రాదు, 30 ఎంబీ దాటాకే జీసీ వస్తుంది. నా మట్టుకు 20 నుంచి 50 ఎంబీ మధ్య పెట్టి వదిలేస్తాను. ఎక్కడో చూసి లిమిట్‌ని ఆకాశానికి పెట్టేసేవాళ్లుంటారు. స్టార్టప్ వేగంగా అవడానికి ఈమాక్స్ మొదట చదివే ఎర్లీ-ఇనిట్ ఫైల్లో పెంచి, తెరుచుకోవడం అయ్యాక నడిచే ఈమాక్స్-స్టార్టప్-హుక్‌లో మళ్లీ దించడం ఆ చిట్కా. మొదటి సగమే కాపీ చేసుకుని రెండోది వదిలేస్తే చెత్త పేరుకుంటూనే పోతుంది, 4 జీబీ మెషీన్ అయితే స్వాప్‌లో పడి మొత్తం సిస్టమే బిగుసుకుంటుంది. మీ కాన్ఫిగ్‌లో ఆ దించే లైను ఉందో లేదో ఈరోజే చూడండి.

అన్నీ చేశాక కూడా ఆగుతుంటే ఏ పనికి ఎంత టైము పోతోందో కొలిచే ప్రొఫైలర్-స్టార్ట్ నడిపి, సీపీయూ ఎంచుకుని, కాసేపు మీ మామూలు పని చేసుకుని, ప్రొఫైలర్-రిపోర్ట్ తెరవండి. అందులో "ఆటోమేటిక్ జీసీ" అని ఒక వరుస ఉంటుంది. దాని శాతం చిన్నదైతే లిమిట్‌తో కుస్తీ మానేసి, పై వరుసలో ఉన్న ఫంక్షన్‌ని విప్పుకుంటూ కిందికి వెళ్లండి, ఏ ప్యాకేజీదో పేరుతో సహా అక్కడే దొరుకుతుంది.