పాటల పెట్టె కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావారు స్కూల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వయసు 66. పెన్షన్ నెలకు 34,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 5 లక్షలు, బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ఇంటి ఖర్చు 22,000, మందులకు 4,000 అవుతాయి. ఆయనకు పాటలంటే ప్రాణం. 150 దాకా సీడీలు, బీరువా అడుగు అరల్లో క్యాసెట్లు ఉన్నాయి. సీడీ ప్లేయరు పాడైంది గానీ ఆంప్లిఫయరు, స్పీకర్లు బాగానే ఉన్నాయి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి 54,000 పెట్టి నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ కొందామంటున్నాడు. వాడి కార్డు మీద తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు ఆరు వేలు మేం పంపాలి. నెలకు 119 రూపాయల పాటల యాప్ కూడా తీసుకోమంటున్నాడు. ఈయనేమో అప్పు వద్దు, ఎఫ్‌డీ తీసేద్దాం అంటున్నారు. పైగా ఈయనకు స్మార్ట్‌ఫోన్ వాడటం రాదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మాస్టారు పాటలు వినాలనుకోవడం దుబారా కాదు. నేనూ బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మనలాంటి వాళ్లకు తెలుగు పుస్తకం కంటే ముందు చెవిలోంచే వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటున్న మీకు నేను కొత్తగా చెప్పేదేముంది! రేపు మనవలకు నాలుగు తెలుగు పద్యాలు చెవిన పడాలంటే ఆ బీరువాలోంచే పడాలి. అందుకని ఆ సీడీలను, క్యాసెట్లను నేను సామానుగా కాక ఆస్తిగా లెక్కేస్తున్నాను. డబ్బు ముందు వాటిని కాపాడటానికి పెట్టాలి. వాయించే పెట్టె సంగతి ఆ తరవాత.

ఎఫ్‌డీ దగ్గర మొదలుపెడతాను. అది ముట్టుకోవద్దు. ఒంట్లో బాగోకపోతే మీరు వెళ్లేది బరంపురం మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళానికో, విశాఖకో. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని బయల్దేరాలంటే చేతికి వెంటనే వచ్చే డబ్బు అదొక్కటే. గడువుకు ముందు తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. ఆ కోత నాకు పెద్ద విషయం కాదు. 54,000 కోసం 3 లక్షల డిపాజిట్ విప్పితే మిగిలినది మళ్లీ డిపాజిట్ చేయడానికి చెయ్యి రాదు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. ముందు పెట్టె, తరవాత సోఫా, తరవాత ఎవరికో చేబదులు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని అప్పు బ్యాంకు ఇవ్వదు. దుకాణం వాడు తగ్గింపు రూపంలో ఆ వడ్డీ భరిస్తాడు, బ్యాంకు మాత్రం తన వడ్డీ తాను వేసుకుంటుంది. కార్డు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుని లెక్క వేశాను. నెలకు 6,000 చొప్పున తొమ్మిది వాయిదాల్లో వడ్డీ భాగం సుమారు 3,225. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది 580. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. అంటే ‘ఖర్చు లేని’ వాయిదాకు ఖర్చు 815. రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు కూడా ఉంటే అదీ పోయినట్టే.

అసలు ఇబ్బంది ఆ 815 కాదు. మీ 34,000లో ఇంటికి, మందులకు పోగా మిగిలేది 8,000. అందులో 6,000 ప్రతి నెలా పోతే మీ చేతిలో రెండు వేలు ఉంటాయి. మధ్యలో పళ్ల డాక్టరో, పెళ్లి చదివింపులో వస్తే వాయిదా ఆగుతుంది. కార్డు అబ్బాయిది, కాబట్టి ఆ మచ్చ అతని క్రెడిట్ స్కోరు మీద పడుతుంది. తల్లీకొడుకుల మధ్య ఇలాంటి లెక్క రాకుండా ఉంటేనే మంచిది.

ఇప్పుడు పెట్టె గురించి. ఇది నేను చాలాకాలంగా ఆసక్తితో చూస్తున్న విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. స్లిమ్ డివైసెస్ అనే కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెలు చేసేది. 2006లో లాజిటెక్ దాన్ని కొన్నది. 2012లో ఆ పెట్టెలను ఆపేసింది. 2024లో వాటికి వెన్నుదన్నుగా ఉన్న ఆన్‌లైన్ సేవ కూడా మూతపడింది. అయినా ఆ పాత పెట్టెలు ఇవాళ్టికీ చాలా ఇళ్లలో పాడుతున్నాయి. పాటలు వాళ్ల ఇంట్లోని డిస్కులోనే ఉన్నాయి, ఆ పాటలను పెట్టెకు అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంది, వాడేవాళ్లే దాన్ని లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో నడుపుకుంటున్నారు. అదే పాటలన్నీ కంపెనీ దగ్గరే ఉంటే? గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో పోయింది. రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరిలో మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్ కూడా. నెల నెలా కట్టిన చందాకు చివర్లో చేతిలో మిగిలే పాట ఒక్కటీ లేదు. అబ్బాయి చెప్పిన 119 ఏడాదికి 1,428, పదేళ్లకు 14,280, అదీ ధర పెంచకపోతే. మీ బీరువాలో ఉన్న పాటలకే మళ్లీ అద్దె కట్టడం నాకు నచ్చలేదు.

ఆ లిరియన్ సర్వర్ ఉచితం. మీకు కొత్త పెట్టె కూడా ఇప్పుడే వద్దు. ఇంట్లో ఎవరిదైనా పాత ల్యాప్‌టాప్ ఉంటే మొదటి రెండు నెలలు దాంతోనే నడపండి. అబ్బాయి ఈసారి ఊరొచ్చినప్పుడు సర్వర్‌నూ, దాంతో పాటు పాటను బయటికి వినిపించే స్క్వీజ్‌లైట్‌నూ ఎక్కించమనండి. ఆంప్లిఫయరు వెనక ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్ల జతలు ఉంటాయి. ఆక్స్ అనో, సీడీ అనో రాసి ఉన్న జతలో వైరు గుచ్చి రెండో కొసను ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెడితే చాలు. వైరు రెండు వందల లోపే. ఫోనో అని రాసి ఉన్న జతలో మాత్రం పెట్టొద్దు. అది పాత రికార్డు ప్లేయరు కోసం, అందులో పెడితే శబ్దం పగిలిపోతుంది. వాల్యూమ్ మర తిప్పితే కరకరమంటుంటే భయపడకండి, లోపల దుమ్ము చేరిందంతే, రేడియో మెకానిక్ ఒక స్ప్రే కొట్టి సరిచేస్తాడు.

రెండు నెలల్లో మాస్టారు రోజూ వింటున్నారని తేలాక అప్పుడు రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే బోర్డు, దానిమీద కూర్చుని పాటను ఆంప్లిఫయరుకు పనికొచ్చేలా మార్చే చిన్న డాక్ (DAC) బోర్డు, ఛార్జరు, మెమరీ కార్డు, డబ్బా కొనండి. అన్నీ కలిపి పది వేల లోపు పెట్టుకోండి, ధరలు కొనేరోజు చూసుకోండి. దానిలో పైకోర్‌ప్లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించమంటాను. మన ఊళ్లకు అదే సరిపోతుంది, ఎందుకంటే అది పూర్తిగా ర్యామ్‌లో నడుస్తుంది. కరెంటు ఠక్కున పోయినా మెమరీ కార్డు చెడిపోయే భయం తక్కువ. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో ఉన్న పాటలు పాడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత గజపతి జిల్లాలో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో మీకు గుర్తుండే ఉంటుంది. ఇన్వర్టరు ఉంటే ఆంప్లిఫయరు కూడా కాసేపు పాడుతుంది.

కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు. ఆ బోర్డు 5 వాట్లు తింటుంది. రోజంతా వదిలేసినా నెలకు 3.6 యూనిట్లు, యూనిట్ 5 రూపాయలనుకుంటే 18 రూపాయలు. పాత ఆంప్లిఫయరు ఊరికే వెలుగుతూ ఉంటే 25 వాట్లు తీసుకోవచ్చు, అంటే నెలకు 18 యూనిట్లు, 90 రూపాయలు. దాన్ని మాత్రం గోడ దగ్గర ఆపండి.

‘ఫోన్ వాడటం రాదు’ అన్నారు కదా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట అదే. ఖరీదైన పెట్టె ఫోన్‌తోనే నడిస్తే, మాస్టారు పాట కోసం ప్రతిసారీ మిమ్మల్ని పిలవాలి. నెల తిరిగేసరికి పిలవడం మానేస్తారు, పెట్టె మీద గుడ్డ కప్పేస్తారు. అందుకే ఇంకో వెయ్యి రూపాయలు రిమోట్ కోసం వేసుకోండి. బోర్డుకు రిమోట్ కన్ను తగిలిస్తే, అంకెల బటన్లకు ఆయనకు ఇష్టమైన వరసలను కట్టుకోవచ్చు. ఒకటి నొక్కితే సుప్రభాతం, రెండు నొక్కితే త్యాగరాజ కీర్తనలు, మూడు నొక్కితే ఘంటసాల, నాలుగు మీ ఒడియా గాయకుడు భికారి బల్ భజనలు. రిమోట్ వెనక కాగితం అంటించి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఉదయం 5.30కి తనంతట తనే మెల్లగా మొదలై గొంతు పెంచుకునేలా అలారం కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు రిమోట్ కూడా ముట్టుకోనక్కర్లేదు, ఆ రాత్రికి ఆంప్లిఫయరు మాత్రం ఆపకుండా ఉంచాలి.

పెట్టెలో ఏముందో చూసేందుకు మీకు, ఊరొచ్చినప్పుడు అబ్బాయికి ఫోన్లో బ్రౌజరు చాలు. ఇంటి వైఫై మీద ఉండి, ఆ పెట్టె చిరునామా (ఐపీ అడ్రసు) చివర కోలన్ పెట్టి 9000 కొడితే పాటల పట్టిక వస్తుంది. రూటర్‌లో ఆ పెట్టెకు ఒకే చిరునామా ఖాయం చేయమని అబ్బాయికి చెప్పండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి చిరునామా మారి, ‘పెట్టె కనబడటం లేదు’ అని మీరు బెంగళూరుకు ఫోన్ చేయాల్సి వస్తుంది.

పాటల్ని ఎక్కించడం ఇందులో పెద్ద పని. ఇక్కడే ఓపికా, శ్రద్ధా పెట్టమంటాను. గంట సీడీని నాణ్యత తగ్గకుండా ఫ్లాక్ అనే ఫైలు రూపంలో ఎక్కిస్తే సుమారు 350 ఎంబీ. మీ 150 సీడీలకు 52 జీబీ. గంట క్యాసెట్‌ను 320 కేబీపీఎస్ ఎంపీత్రీలో ఎక్కిస్తే 144 ఎంబీ, నలభై క్యాసెట్లు ఉన్నాయనుకుంటే 6 జీబీ కూడా కాదు. మొత్తం 58 జీబీ. అంటే పెద్ద హార్డ్‌డిస్కు అక్కర్లేదు, 128 జీబీ పెన్‌డ్రైవులు రెండు కొనండి. ఒకటి పెట్టెలో, రెండోది నకలుగా అబ్బాయి దగ్గర బెంగళూరులో. రెండూ ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో పెడితే నకలు ఉన్నట్టు కాదు.

సీడీ ఒకటి ఎక్కడానికి పది నిమిషాల లోపే. క్యాసెట్‌కు మాత్రం దగ్గరదారి లేదు, గంట పాట గంటసేపు తిరగాలి. టేప్ రికార్డరు తిరుగుతోందో లేదో మీరు రాయలేదు. బెల్టు సాగి ఉంటే ముందు అది మార్పించండి. లైన్-ఇన్ రంధ్రం ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మాస్టారే రోజుకొక క్యాసెట్ వింటూ ఎక్కించుకోవచ్చు. బయట ఇచ్చి చేయించవద్దని నా అనుభవంతో చెబుతున్నాను. మా నాన్నగారి క్యాసెట్లు ఒక దుకాణంలో ఇచ్చాను. డబ్బు తీసుకుని ‘ట్రాక్ 1, ట్రాక్ 2’ అని మూడు వందల ఫైళ్లు చేతిలో పెట్టారు. ఏది ఎవరి గొంతో గుర్తుపట్టగల ఒక్క మనిషి అప్పటికి లేరు. నాకు ఇప్పటికీ మనసులో మెదిలే బాధ అది.

అందుకే పేర్లు మాస్టారు చెప్పాలి, మీరో అబ్బాయో కొట్టాలి. ఘంటసాల పేరును ఒక సీడీలో ఒక స్పెల్లింగుతో, ఇంకోదాంట్లో ఇంకో స్పెల్లింగుతో రాస్తే పట్టికలో ఇద్దరు ఘంటసాలలు తయారవుతారు. తెలుగులోనే రాసుకోండి, ఫోన్ బ్రౌజరులో చక్కగా కనిపిస్తుంది. చిన్న తెర ఉన్న కొన్ని ప్లేయర్లలో మాత్రం ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, తెర ఉన్నది కొనాలనిపిస్తే ముందు తెలుగు పేరు పెట్టి చూడండి.

ఈ ఎక్కింపులన్నీ ఎవరూ చేయలేం అనుకుంటే సరెగామ కారవాన్ తెలుగు పెట్టె ఒకటి తెచ్చి హాయిగా వినమంటాను. పాటలు అందులోనే ఉంటాయి, బటన్ తిప్పితే పాడుతుంది. అది తప్పేం కాదు. మీ బీరువా మాత్రం అలాగే ఉండిపోతుంది.

డబ్బు ఎక్కడిది అంటారా? సీనియర్ సిటిజన్ స్కీములో మీ వడ్డీ 8.2 శాతం అనుకుంటే 5 లక్షలకు మూడు నెలలకొకసారి 10,250 పడుతుంది. ఆ వడ్డీ ఇంటి ఖర్చులో కలవడం లేదని మీ లెక్క చూస్తే తెలుస్తోంది. వచ్చే విడత వడ్డీలోంచి వైరు, పెన్‌డ్రైవులు, సౌండ్ కార్డు కొనండి. ఆ తరవాతి విడత పడ్డాక రాస్‌బెర్రీ పై. అసలు సొమ్ము ముట్టుకోవద్దు, అప్పు వద్దు. అబ్బాయికి మాత్రం తండ్రికి ఏదో ఇవ్వాలనుంది, కాదనకండి. కొత్త పాటల కోసం ఆ 119 యాప్ కావాలనుకుంటే అతని ఖాతాలోంచే కట్టమనండి. డబ్బు కోసుకునే 24 గంటల ముందు వచ్చే మెసేజ్ అప్పుడు అతనికే వస్తుంది, వినకపోతే అతనే ఆపేస్తాడు.

క్యాసెట్లు తీసేటప్పుడు కొన్నవి పక్కన పెట్టి, ఇంట్లో రికార్డు చేసినవి వెతకండి. పెళ్లిలో పాడినవో, పిల్లల మాటలో, ఎవరైనా పెద్దవాళ్ల పద్యమో ఉంటే ముందు వాటినే ఎక్కించండి. దుకాణంలో కొన్న పాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అట్ట మీద బూజు తెల్లగా కనిపిస్తే టేప్ రికార్డరులో పెట్టకుండా ముందు మెకానిక్‌కు చూపించండి.