గ్రీస్‌లో శాకాహారి ఏం తినాలంటే: ముందు మూతలు తీయించి చూడండి

అడిగిన ప్రశ్న: "ఆరు నెలల ప్రాజెక్టు మీద గ్రీస్ వెళ్తున్నాను. శాకాహారిని. బయట తినడానికి ఏమైనా దొరుకుతుందా? మెడిటరేనియన్ వంట ఇంట్లో చేసుకోవడం కష్టమా? పప్పులు, కుక్కర్ అన్నీ మోసుకెళ్ళాలా?"

కుక్కర్ తెచ్చుకోండి. పప్పులు వద్దు, ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి. బయట దొరుకుతుందా అంటే, మీరు ఏ వేళకి, ఎలాంటి హోటల్‌కి వెళ్తారనేదాన్ని బట్టి ఉంటుంది.

మావారి ఉద్యోగం వల్ల మేం క్రీట్ ద్వీపంలో, హెరాక్లియన్‌లో ఉంటున్నాం. ఇక్కడికి సరదాగా చూడ్డానికొచ్చే మనవాళ్ళు చాలామంది చేసేది ఒకటే. సముద్రం కనబడే చోట, వంటల ఫొటోలు అతికించిన మెనూ ఉన్న హోటల్లో కూర్చుంటారు. ఒక గ్రీక్ సలాడ్, ఒక ప్లేటు ఫ్రెంచ్ ఫ్రైస్ తెప్పించుకుంటారు. "ఇంతేనా, చప్పగా ఉంది" అంటారు. రాత్రికి గదిలో మ్యాగీ. ఊరికెళ్ళాక "గ్రీస్‌లో మనకేం దొరకదండీ" అని అందరికీ చెబుతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. వీళ్ళు గ్రీకుల తిండి తినలేదు, టూరిస్టుల తిండి తిన్నారు.

గ్రీకులు మధ్యాహ్నం తినే చోటు వేరే. దాన్ని మయిరియో అంటారు. పొద్దున్నే వండి పెద్ద పెద్ద ట్రేలలో, గిన్నెల్లో అద్దం వెనక పెట్టేస్తారు. మీరు మెనూ అడగక్కర్లేదు, వెళ్ళి చూసి, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఒంటిగంట నుంచి మూడింటిలోపు వెళ్ళాలి. సాయంత్రం ఆరింటికి వెళ్తే గిన్నెలు కడుగుతూ కనబడతారు. సాయంత్రం ఆరింటికి ఎవరూ భోజనం చేయరు కూడా, తొమ్మిది దాటాలి. ఆరింటికి నిండుగా ఉన్న హోటల్ కనబడిందంటే అది మీకోసం కాదని తెలుసుకోండి.

రెండో సంగతి. ఏ హోటల్లో అయినా "వెజిటేరియన్" అని అడక్కండి. అడిగితే చీజ్ వేసినదేదో ఒకటి తెస్తారు. "నిస్తీసిమో ఏముంది?" అని అడగండి. ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసాలకు పనికొచ్చే వంటలు అవి. మాంసం, చేప, గుడ్డు, పాలు, చీజ్ ఏవీ ఉండవు. చర్చి క్యాలెండర్ ప్రకారం చూస్తే ఈ ఉపవాస దినాలు ఏడాదికి 180 నుంచి 200 దాకా వస్తాయి. అందరూ అన్నీ పాటించరు గానీ, వంట మాత్రం ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఒక్క జాగ్రత్త: రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి రక్తం లేనివని వాళ్ళ లెక్క, అందుకని ఉపవాసంలోనూ తింటారు. అవి వద్దని విడిగా చెప్పాలి.

ఇదంతా నాకు తేలిగ్గా అర్థమైంది మా మామగారి వల్ల.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, పాలకొల్లు. ఉల్లి, వెల్లుల్లి తింటారు గానీ గుడ్డు వాసన కూడా పడదు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక సూట్‌కేసు నిండా కందిపొడి, నల్లకారం, అప్పడాలు. బయట తిందామంటే ఒకటే మాట: "మాంసం కలిపిన గరిటె ఇందులో పెట్టలేదని గ్యారంటీ ఏమిటమ్మా?" దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆగస్టు మొదటి వారంలో ఒక ఆదివారం, ఆర్కానెస్ అని ద్రాక్షతోటల మధ్య ఊరుంది, అక్కడికి బయల్దేరాం. మామగారు పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకునే కార్లో కూర్చున్నారు. ఊరి మధ్య చెట్ల కింద బల్లలు వేసిన ఒక చిన్న తవెర్నాలో కూర్చున్నాం. మేం ఏవో చెప్పాం. ఆయన చేతులు కట్టుకుని చెట్టు వైపు చూస్తున్నారు. లోపల్నుంచి వంటావిడ వచ్చింది, మామగారి వయసే ఉంటుంది, నల్లబట్టలు, నడుముకి తువ్వాలు. పెద్దాయన ఎందుకు తినడం లేదని నన్నడిగింది. క్రీట్‌లో ఒకరి ముంగిట కూర్చుని ఏమీ తినకపోతే వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. నాకొచ్చిన గ్రీకులో ఏదో చెప్పబోయాను. ఆవిడే "ఉపవాసమా?" అంది. అవునన్నాను. ఏకాదశులు వదలని మనిషి గురించి ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఆవిడ మొహం విప్పారింది. ఆగస్టు 15 వీళ్ళకి మరియమాత పండగ, ఒకటో తారీకు నుంచి ఆ రోజు దాకా ఉపవాసం. ఆవిడా ఉపవాసంలోనే ఉందట. అంతే, మామగారి చెయ్యి పట్టుకుని లేవదీసింది. ఆయన బిత్తరపోయి నా వైపు చూశారు. నేను వెనకే పరిగెత్తాను.

వంటింట్లో పొయ్యి మీద వరసగా గిన్నెలు. ఒక్కోదాని మూత తీసి ఆయన ముక్కు దగ్గరికి తెచ్చి చూపించింది. ఒకదాంట్లో చిన్న చిన్న బెండకాయలు కొయ్యకుండానే టమాటాలో ఉడికించినవి. ఒకదాంట్లో పసుపుపచ్చగా పప్పు. ఓవెన్ ట్రేలో బియ్యం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌లు. ఇంకో గిన్నెలో ఏదో ఆకుకూర, బంగాళాదుంప ముక్కలతో కలిపి ఉడికించి ఉంది. మామగారు అప్పటిదాకా మర్యాదకి తలూపుతున్నారు. బల్ల మీద ఆ కూరే పచ్చిగా కుప్ప పోసి ఉంటే ఒక కాడ తీసుకుని, వేళ్ళతో విరిచి, ఆకు వెనక్కి తిప్పి చూసి, "అమ్మాయ్, ఇది తోటకూరే!" అన్నారు. నిజంగా తోటకూరే. ఇక్కడ వ్లీటా అంటారు, ఎండాకాలమంతా ప్రతి ఇంట్లోనూ ఇదే.

తర్వాత గరిటె సంగతి అడగమన్నారు. అడిగాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. మాంసమంతా బయట బొగ్గుల మీద కొడుకు చూసుకుంటాడని, పండగ దాకా ఈ పొయ్యి మీదికి మాంసం రాదని, గరిటెలు కూడా వేరేనని ఒక్కొక్కటీ చూపించింది. ఆయన అడిగిన ప్రశ్న ఆవిడకి చాలా న్యాయంగా కనబడింది. ఇదే ప్రశ్న పెద్ద హోటల్లో అడిగితే మనల్ని వింతగా చూస్తారు.

అన్నీ బల్ల మీదికొచ్చాయి. మామగారు పప్పు ప్లేటు ముందుకు జరుపుకున్నారు. పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. "అన్నం లేదా?" అన్నారు. లేదు. ఆయన ఒక టమాటా లోపలి అన్నం చెంచాతో తోడి, పప్పులో వేసి, జేబులోంచి నల్లకారం పొట్లం తీసి చల్లి, చేత్తో కలిపారు. చుట్టుపక్కల బల్లల వాళ్ళందరూ చూస్తున్నారు, ఆయన పట్టించుకోలేదు. వంటావిడ పక్కనే నిలబడి అంతా చూసి, పొట్లంలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. దగ్గొచ్చింది, నీళ్ళు తాగింది, ఇంకో చిటికెడు తీసుకుంది. ఇక్కడ భోజనం అయ్యాక రాకీ అనే సారా ఊరికే పోస్తారు. అది ఆయన వద్దంటే పుచ్చకాయ ముక్కలు తెచ్చింది. కార్లో ఎక్కాక మామగారి ఫిర్యాదు ఒక్కటే: "అంతా బాగుంది గానీ, అంత చల్లార్చి పెడతారేమిటమ్మా?" పెరుగన్నం డబ్బా ఆ రాత్రి నేను ఖాళీ చేశాను.

చల్లారడం గురించి నేనూ మొదట్లో గొణిగాను. ఈ నూనె కూరలు గోరువెచ్చగా అయ్యాకే రుచి పట్టుకుంటాయి, మర్నాడు ఇంకా బాగుంటాయి. బయట ఎండ మండిపోతుంటే పొగలు కక్కే కూర ఎవరికి కావాలి?

ఇక ఇంట్లో వంట. కష్టమా అని అడిగారు కదా. తోటకూర వండడం వచ్చిన ఎవరికైనా ఈ వంట సగం వచ్చినట్టే. లేత కాడలతో సహా ఆకుకూర ఉప్పు నీళ్ళలో ఉడికించి, వార్చి, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం. అయిపోయింది. పోపు లేదు, కారం లేదు. మీకు నమ్మకం కలగకపోతే ఒక వెల్లుల్లి రెబ్బ నూరి కలపండి.

ఆ పసుపు పప్పుని ఫావా అంటారు. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లు దొరుకుతాయి. సంతోరిని ఫావా అని రాసి ఉంటే ధర బాగా ఎక్కువ, రోజూ తినడానికి మామూలుదే తీసుకోండి. కడిగి, ఒక ఉల్లిపాయ చీల్చి వేసి, నురగ తీసేస్తూ సన్న మంట మీద ఉడికించాలి. కుక్కర్లో అయితే నురగ తీసేశాకే మూత పెట్టండి, లేకపోతే విజిల్లోంచి పొయ్యంతా పప్పే. మెత్తగా మెదిపి ఉప్పు, నిమ్మరసం, నూనె. ముద్దపప్పు తిని పెరిగిన వాళ్ళకి దీని గురించి నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కూరలకి ఒకటే పద్ధతి. ఉల్లిపాయ నూనెలో మగ్గాక బీన్స్ గానీ, బెండకాయ గానీ, వంకాయ గానీ వేసి, టమాటా తురిమి పోసి, మూతపెట్టి సన్న సెగ మీద వదిలేయడం. నీరంతా ఇగిరి నూనె తేలేదాకా దింపకూడదు. బీన్స్ పచ్చగా కరకరలాడుతూ ఉండాలనుకునే వాళ్ళు ఈ జోలికి రావద్దు. నూనె ఎంత అంటారా? నలుగురికి వండితే టీ కప్పులో సగం పైనే పడుతుంది. మన డైట్ వీడియోల వాళ్ళు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతారు.

ఆ వీడియోల వాళ్ళ మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. ఆలివ్ నూనె వేడి చేయకూడదు, పచ్చిగానే పోసుకోవాలి అని ఎవరు చెప్పారో గానీ, తెలుగునాట అందరూ పట్టుకున్నారు. ఇక్కడి ఆడవాళ్ళు బంగాళాదుంపలు అందులోనే వేయిస్తారు, కేకులు కూడా దాంతోనే చేస్తారు. ఏ ఇంట్లో చూసినా బంధువుల తోట నుంచి వచ్చిన పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది. మీరు కూడా చిన్న గాజు సీసాలు కొనకండి. ఆఫీసులో స్నేహం కుదిరిన ఎవరినైనా "మీ ఊళ్ళో నూనె ఉందా?" అని అడగండి. దాదాపు అందరికీ ఉంటుంది.

అలాగే మన హైదరాబాద్ రెస్టారెంట్ల "మెడిటరేనియన్ బౌల్". లెట్యూస్, మయోనైజ్, నాలుగు ఆలివ్ ముక్కలు. గ్రీక్ సలాడ్‌లో లెట్యూస్ ఉండదండీ. టమాటా, దోసకాయ, ఉల్లిపాయ, పచ్చి క్యాప్సికమ్, ఆలివ్‌లు, పైన ఫెటా అనే చీజ్ పలక, ఓరెగానో, నూనె. అంతే. హమ్మస్ కూడా గ్రీకుల వంట కాదు, తూర్పు తీరానిది, లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు. ఇక్కడ టూరిస్టులు అడుగుతున్నారని కొన్ని హోటళ్ళు పెట్టాయి.

ఫెటా గురించి ఒక మాట, దీన్ని ఎవరూ చెప్పరు. సంప్రదాయంగా ఆ పాలు విరగ్గొట్టడానికి వాడేది గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్. మీకు పట్టింపు ఉంటే ప్యాకెట్ మీద చూసుకోండి, లేదా నిస్తీసిమోతో సరిపెట్టుకోండి. మా మామగారికి ఈ సంగతి నేను చెప్పలేదు, ఎలాగూ ఆయన చీజ్ తినరు. పెరుగుకి ఇబ్బంది లేదు, గొర్రె పాలది కొంచెం వాసన అనిపిస్తే ఆవు పాల పెరుగు అడగండి.

మెడిటరేనియన్ డైట్ అనే పేరు ప్రపంచమంతా మోగడానికి కారణం ఈ క్రీట్ ద్వీపమే. 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో ఇక్కడి మగవాళ్ళకి గుండెజబ్బులు చాలా తక్కువని తేలింది. దాన్ని నడిపిన ఆన్సెల్ కీస్ అమెరికా ఆయన. తర్వాత కొందరు, క్రీట్ తిండి వివరాలు తీసుకున్న రోజుల్లో కొన్ని ఉపవాస కాలంలో పడ్డాయని, లెక్కలు అందుకే అలా వచ్చాయని వాదించారు. నన్నడిగితే అది వాదన కాదు, అసలు జవాబే అది. ఏడాదిలో సగం రోజులు ఆకుకూర, పప్పు తిని, కొండలెక్కి తోటల్లో పనిచేసిన మనుషులు వాళ్ళు. ఆ తిండిలోంచి ఆలివ్ నూనె ఒక్కటీ పీకి సీసాలో పోసి అమ్మితే గుండె బాగుపడుతుందా? ఇక్కడి కుర్రాళ్ళు కూడా ఇప్పుడు గీరోలు (రొట్టెలో చుట్టిన మాంసం), పిజ్జాల మీదే బతుకుతున్నారనుకోండి.

సరుకుల సంగతి చెప్పి ఆపేస్తాను. కూరగాయలకి మీ పేటలో వారానికోసారి వీధిలో జరిగే లైకీ సంతకి వెళ్ళండి, మూసే ముందు వెళ్తే ధరలు దిగుతాయి. ఇక్కడ హెరాక్లియన్‌లో అందరూ 1866 వీధి బజారుకి పంపిస్తారు గానీ, అక్కడ ఇప్పుడు టూరిస్టులకి అమ్మే మసాలా పొట్లాలు, స్పాంజిలు ఎక్కువైపోయాయి. సంతలో ఎండాకాలం గ్లిస్త్రీదా అని ఒక ఆకు ఉంటుంది, అది మన గంగపాయల కూర, తెలంగాణలో గంగవాయిలి అంటారు. వీళ్ళు పచ్చిగా సలాడ్‌లో వేస్తారు, మీరు పప్పులో వేయండి. బియ్యం కరోలీనా రకం తీసుకుంటే పాలకూర అన్నానికి బాగుంటుంది, పులిహోరకి మాత్రం ముద్దైపోతుంది. కందిపప్పు, చింతపండు మీద మనసు లాగితే ఏథెన్స్‌లో ఒమోనియా చుట్టుపక్కల మన ఉపఖండం వాళ్ళ కొట్లున్నాయి. ద్వీపాల్లో పోస్టింగ్ అయితే అవి వచ్చేటప్పుడే కొంచెం తెచ్చుకోండి, నల్లకారం మాత్రం అందరికీ సరిపోయేంత తెచ్చుకోండి.